శనివారం పెదవులు

ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో మా అత్తగారు నా రేసు కార్లు పదిహేడింటిని ఒక్క రోజులో పాడుచేసింది. పాడుచెయ్యడం అన్నది మా వ్యాపారంలో మాట. ఆవిడ లెక్కలో బాగుచేసింది. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవవని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మాది ఫ్యూర్త్‌లో పాత బజారు వీధి. ముందు గది షాపు, వెనక వంటిల్లు, పైన పడక గదులు. పాత బొమ్మలు, పోత కార్లు, పిల్లల పేకలు కొంటాం, అమ్ముతాం. ఈ పనిలో దిగిన పద్నాలుగేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటే. కొనేవాడికి కావలసింది బొమ్మ కాదు, ఎవరూ తాకని బొమ్మ. పెచ్చులూడినా పరవాలేదు, ఆ ఊడినది కూడా పాతదే అయివుండాలి. రంగు మీద రంగు పడిందా, ఆ కారు ఇక పిల్లలు ఆడుకోవడానికి తప్ప పనికిరాదు.

ఆ పద్దెనిమిది కార్ల కోసం నేను మా వ్యాను ఇచ్చేశాను. ఊరి బయట ఎప్పుడో మూతపడిన బొమ్మల కొట్టు అటక మీద, ఒక పెద్ద పెట్టెలో, ఒక్కోటీ దాని చిన్న అట్టపెట్టెతో అవి దొరికాయి. కొట్టు వారసుడు హార్ట్‌ముట్ వడ్రంగి, అతనికి వ్యాను కావాలి. తాళాలు అతని చేతిలో పెట్టి పెట్టె నేను తెచ్చుకున్నాను. మా ఆయన గెర్నోట్ రెండు రోజులు నాతో మాట్లాడకుండా అన్నం తిన్నాడు. మూడో రోజు, "సంతలకి ఇక కార్ల మీదే వెళ్తావా? అరచెయ్యంత ఉన్నాయి, ఒక కాలు పడుతుందేమో" అన్నాడు.

నా లెక్క నాకుంది. ష్టుట్‌గార్ట్‌లో డాక్టర్ ఓస్టర్‌టాగ్ అని పళ్ల వైద్యుడు, సరిగ్గా ఈ రకం కార్ల కోసం ఏళ్లుగా తిరుగుతున్నాడు. ఉత్తరం రాస్తే అక్టోబరు చివరి శనివారం వస్తానని జవాబిచ్చాడు. మొత్తం తీసుకుంటే ఇంకా మంచి వ్యాను వస్తుంది, షాపు చలికాలం గట్టెక్కుతుంది. తీసుకోకపోతే వ్యాను లేదు, వ్యాను లేకపోతే సంతలు లేవు, సంతలు లేకపోతే షాపు లేదు. ఆ సీజనంతా ఆ పెట్టెలో ఉంది.

కార్ల ఒంటి రంగు చెక్కుచెదరలేదు. లోపల కూర్చున్న డ్రైవర్ల తలలు మాత్రం అటక మీది తేమకి పొలుసులు లేచాయి. తలలకి రంగు ఫ్యాక్టరీలో కాదు, ఇళ్లల్లో వేసేవాళ్లు. అలా వేసినవాళ్లలో మా అత్తగారు కూనిగుండా ఒకరు. తను ఉంటున్న ఇల్లు కూలగొడుతున్నారని ఆ వసంతంలోనే మా దగ్గరికి వచ్చింది. పైగదిలో ఉండేది, అడిగినదానికి జవాబు చెప్పేది. మా ఇద్దరి మధ్య గొడవా లేదు, మాటా లేదు. ఒకే అరలో పక్కపక్కన పెట్టిన రెండు వేరే కంపెనీల బొమ్మల్లాగా ఉండేవాళ్లం.

సెప్టెంబరు చివరి ఆదివారం రైల్లో రెండు సూట్‌కేసులు మోసుకుంటూ బాంబెర్గ్ సంతకి వెళ్లి, మధ్యాహ్నం తిరిగొచ్చాను. తలుపు తియ్యగానే టర్పెంటైన్ వాసన. కిటికీ గట్టు మీద పదిహేడు కార్లు ఎండకి వరసగా ఆరుతున్నాయి. పదిహేడు తెల్ల హెల్మెట్లు, పదిహేడు గులాబి మొహాలు. అందరూ నిన్ననే పుట్టినట్టున్నారు. అత్తగారు కుంచె తుడుస్తోంది.

"తిరిగొచ్చిన ట్రే కదా, చేసేశాను" అంది.

"ఎక్కణ్ణుంచి తిరిగొచ్చింది అత్తయ్యా?"

"నాకు తెలుసులేమ్మా, ఫ్యాక్టరీ లేదు. నా బుర్ర బాగానే ఉంది. కానీ చూశావా ఆ మొహాలు? మాడిన రొట్టెల్లా ఉన్నాయి. నా చేతిపని అది. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

నేను వాటిని గోధుమరంగు అట్ట ట్రేలో వంటింటి బల్ల మీద పెట్టి వెళ్లాను. ఆవిడ ఇరవై రెండేళ్లు ఇంటి దగ్గర తలలకి రంగు వేసిన మనిషి. సోమవారం ఫ్యాక్టరీ మనిషి తోపుడుబండి మీద అలాంటి ట్రేలే తెచ్చేవాడు, బాగోలేనివి అదే ట్రేలో వెనక్కి వచ్చేవి. తిరిగొచ్చిన ట్రే వంటింటి బల్ల మీద ఉంటే ఆ వీధిలో ఏ ఆడదీ పొయ్యి వెలిగించేది కాదట, ముందు అది పూర్తి చేశాకే వంట. ఇక నేను ఎవర్ననాలి? పెట్టింది నేను.

రంగులెక్కడివని అడిగాను. నేలమాళిగలో దాచిన నాలుగు డబ్బాలు చూపించింది. మూత చుట్టూ మైనం పోసి బోర్లించి పెట్టుకుంది. ఇరవయ్యారేళ్ల క్రితం చివరి సోమవారం ఇచ్చినవి. ఆ తర్వాత మనిషి రాలేదు. "వచ్చి అడిగితే ఇవ్వాలిగా, వాళ్ల సొత్తు" అంది.

పద్దెనిమిదో కారు ట్రేలో అలాగే ఉంది, పొలుసులతో. దీన్నెందుకు వదిలేశారని అడిగాను. కాస్త వెటకారంగానే అడిగాను.

"అది నాది కాదు. బాబెట్టెది. పక్కింటిదాని ట్రే ముట్టుకోకూడదు."

ఆ మాట నా చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. నా బుర్రలో అప్పుడు పదిహేడు అన్న అంకె తప్ప ఇంకేదీ లేదు. నేను అరవలేదు. అరిస్తే రంగు ఊడొస్తుందా? షాపులోకి వెళ్లి, తెరలు వేసి, ఊదారంగు దీపం కింద ఒక కారు పెట్టాను. ఆ దీపం కింద కొత్త రంగైతే మెరుస్తుంది, మా వ్యాపారంలో వాళ్లందరి జేబుల్లోనూ అది ఉంటుంది. నా కారు మెరవలేదు. పాత రంగు, పాత కుంచె, పాత చెయ్యి. పదిహేడూ చూశాను. ఒక్కటీ మెరవలేదు.

తరవాతి ఆదివారం కార్ప్ చేప వేయించాను. భోజనం అయ్యాక ముగ్గురం మసివాడి ఆట ఆడాం. పేకలో అన్ని ముక్కలకీ జత ఉంటుంది, పొగగొట్టాలు తుడిచే మసివాడికి తప్ప. ఒకరి చేతిలోంచి ఒకరు ముక్క లాగుతూ జతలు పడేస్తూ పోతే చివరికి మసివాడు ఎవరి దగ్గర మిగిలితే వాళ్లు ఓడినట్టు. కార్కు బిరడా కాల్చి వాళ్ల ముక్కు మీద మసి పూస్తారు. మర్నాటి దాకా తుడుచుకోకూడదని మా అత్తగారి పట్టు.

గెర్నోట్ ముక్కలు లాగుతూనే నాకు నచ్చచెప్పాడు. దీపం ఏమీ చెప్పడం లేదు, నువ్వెందుకు చెప్పాలి అన్నాడు. అడిగితే చెబుదాం, అడక్కపోతే మన తప్పేముంది, మీ బజారు నీతి అదే కదా అన్నాడు. నిజమే, అదే. నేను వందసార్లు అలా అమ్మాను, వందసార్లు అలా కొని మోసపోయాను. ఆ మాటకొస్తే మా వ్యాపారమే పెద్ద మసివాడి ఆట. చేతిలో ఉన్న మసివాణ్ణి మొహంలో ఏమీ కనపడనీకుండా పక్కవాడి చేతికి దాటించడమే.

"సరే, అలాగే" అన్నాను.

అత్తగారు నా చేతిలోంచి ముక్క లాగబోయి ఆగింది. "నువ్వు మసివాణ్ణెప్పుడూ నడిమధ్యలో పెడతావమ్మా. మంచి ముక్కలు రెండు పక్కలా పైకి లేపుతావు. అందుకే నేను అంచు ముక్కే లాగుతాను" అంది, పెదవి ఒక పక్కకి వంచి అంచు ముక్క లాగింది. ఆ రోజు మసి నా ముక్కుకే.

డాక్టర్ ఓస్టర్‌టాగ్ చెప్పిన శనివారం చెప్పిన గంటకి వచ్చాడు. పొడుగాటి మనిషి. చేతులు కడుక్కుంటే గానీ బొమ్మ ముట్టుకోడు. తువ్వాలు పరిచి దాని మీద కార్లు పేర్చాను. బాబెట్టె కారు మొదట పెట్టాను, పొలుసులున్నది, నిఖార్సైనది. చెయ్యి మొదట దాని మీదకే పోవాలి. మొదటిది నిజమైతే మిగతావి కూడా నిజమనిపిస్తాయి.

ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. "పన్నులో సిమెంటు ఎప్పుడు నింపారో నేను ఏడాదితో సహా చెప్పగలనమ్మా, మీరేం కంగారుపడకండి" అన్నాడు. నేను కంగారుపడినట్టు కనిపించానని నాకప్పుడు తెలిసింది. దీపం వేసి చూశాడు. తల ఊపాడు. అటక మీద ఇంత బాగా ఎలా మిగిలాయి అని తనలో తను అనుకుని, పెట్టెల్లో ఉన్నాయి కాబట్టి అని తనే జవాబు చెప్పుకున్నాడు. అడగలేదు. గెర్నోట్ చెప్పినట్టే.

"అన్నీ తీసుకుంటాను. ఒక్కోదానికీ చీటీ రాసివ్వండి" అన్నాడు.

మా దగ్గర చీటీ మీద పెద్దగా ఏమీ రాయం. 'తాకనిది' అని ఒక్క మాట, కింద సంతకం. నేను పెన్ను తీశాను. అప్పుడే అత్తగారు ప్లమ్ పళ్ల కేకు, కాఫీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. నా వైపు చూడలేదు. తువ్వాలు మీది వరసను చూసింది. మొదట బాబెట్టె కారు, చివర అట్టపెట్టె కాస్తయినా నలగని కారు, మధ్యలో మిగతావన్నీ. ఆవిడ పెదవి ఒక పక్కకి కొంచెం వంగింది, పేకాటలో వంగినట్టే.

నేను మొదటి కారుకి 'తాకనిది' అని రాశాను. రెండో దానికి, 'డ్రైవరు తల మళ్లీ రంగు వేసినది, సెప్టెంబరు 1994' అని రాశాను. మూడో దానికీ అదే. చేతిరాత ఏమీ మారలేదు. పద్దెనిమిది చీటీలూ అయ్యాక ఆయన ముందుకి జరిపాను.

ఆయన మొత్తం చదివాడు. భూతద్దం పెట్టెలో పెట్టాడు, దీపం జేబులో పెట్టాడు.

"ఎవరు వేశారు?"

"మా అత్తగారు."

"ఆవిడకెలా తెలుసు ఈ..." అని ఆగి, "ఎవరికీ తెలియదే, నా దీపానికి కూడా తెలియలేదే" అన్నాడు. కోపం వచ్చింది, అది మా మీదో దీపం మీదో ఆయనకే తేలలేదు. బాబెట్టె కారు ఒక్కటీ తీసుకుంటానన్నాడు. చేతిలోకి తీసుకున్నాడు. అంతే, మా వ్యాను వెళ్లిపోయింది అనుకున్నాను.

"బాబెట్టెది తీసుకుంటున్నారా బాబూ? మంచిపని. ఎడమచేతి వాటం దానిది. కళ్లద్దాల పట్టీ గీత చూడండి, కుడి నుంచి ఎడమకి సన్నబడుతుంది. మా అందరిదీ ఇటు నుంచి అటు" అంది అత్తగారు, కేకు పళ్లెం ఆయన ముందు పెడుతూ.

ఆయన భూతద్దం మళ్లీ తీశాడు.

తీసి ఎంతసేపు చూశాడో, కాఫీ చల్లారిపోయింది. తరవాత తన సంచిలోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో అదే రకం కారు, తన సొంతది, మా కార్లతో పోల్చి చూసుకోవడానికి తెచ్చుకున్నది. ఇది చాలా అరుదు అన్నాడు. 'లేత పెదవుల రకం' అని దీనికి పేరు పెట్టింది తనేనని, ఫ్యాక్టరీ కొంతకాలం కావాలనే ఈ రంగు ప్రయత్నించి ఉంటుందని సేకర్తల పత్రికలో ఆరు పేజీలు రాశానని చెప్పాడు.

అత్తగారు కారుని కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

"ఇది శనివారం పెదవి బాబూ."

"అంటే?"

"వాళ్లు అన్ని రంగులూ సోమవారం ఇచ్చేవాళ్లు. ఎర్ర రంగు చిటికెడు. పెదవికి చుక్క చాలు కదా అని. శనివారానికి అయిపోయేది. ట్రే పూర్తి చెయ్యకపోతే సోమవారం కూలి రాదు. అందుకని టర్పెంటైన్ పోసి లాగించేవాళ్లం, వీధి మొత్తం. ఆరు పేజీలు రాశారా? పాపం."

ఆయన మొహం చూసి నేను తల దించుకున్నాను. మూల కూర్చున్న గెర్నోట్ అయితే దగ్గు వచ్చినట్టు లేచి వంటింట్లోకి వెళ్లాడు.

ఆయన ఆ రోజు బాబెట్టె కారు ఒక్కటే కొన్నాడు. కానీ సాయంత్రం రైలు దాకా కదల్లేదు. ఎవరు ఎలా వేసేవారు, ఎంతమంది ఆడవాళ్లు, ఏ వీధి అని అడుగుతూ చిన్న పుస్తకం నింపాడు. గ్రేటె అనే ఆవిడ రొట్టె నములుతూ రంగు వేసేదని, హెల్మెట్ మీద బొడిపె ఉంటే అది రంగు కింద చిక్కుకున్న రొట్టె పొడి అని అత్తగారు చెబితే, అది కూడా రాసుకున్నాడు. ఎవరి పేరూ ఏ బొమ్మ మీదా లేదు కదా అన్నాడు. పేర్లెందుకు, ట్రే నెంబరు ఉండేది, నాది నలభై ఒకటి అంది ఆవిడ.

నవంబరు రెండో ఆదివారం న్యూరెంబర్గ్‌లో పెద్ద బొమ్మల సంత. వ్యాను లేదు. హార్ట్‌ముట్‌ని అడిగితే మా వ్యానే మాకు ఒక రోజు అరువిచ్చాడు, బదులుగా తన చిన్నప్పటి కార్ల బొమ్మలున్న పేక ఒకటి వెతికిపెట్టమన్నాడు. వెనక సీటు తీసేసి బీరువా పలకలు నింపాడు. వాటి మధ్య అత్తగారు దిండు వేసుకుని రాణిలా కూర్చుంది.

ఓస్టర్‌టాగ్ ఊరికే ఉండే మనిషి కాదు, తోటి సేకర్తలందరికీ చెప్పేశాడు. మేము బల్ల సర్దేసరికి నలుగురు చేతుల్లో చేతిరుమాళ్లతో నిలబడి ఉన్నారు. పదింటికి ఆ వరస పక్క బల్లని దాటింది. అందరికీ ఒకటే కావాలి, తమ కారు ఎవరి చేతిదో. అత్తగారు ఒక్కోటీ తిప్పి చూసి చెప్పేది. "నాది." "గ్రేటెది, ఇదిగో రొట్టె." "బాబెట్టె, కానీ మొగుడితో పోట్లాడిన రోజు, కనుబొమలు చూడు." "ఇది మా వీధిది కాదు, మేమింత బద్ధకంగా వెయ్యం." కారు యజమాని నొచ్చుకుంటే, "నీ తప్పేం లేదులే నాయనా" అనేది.

చూసినందుకు ఏమైనా తీసుకోవాలని గెర్నోట్ నా చెవిలో చెప్పాడు. వద్దన్నాను. ఊరికే నిలబడిన మనిషి చేతులు ఊరికే ఉండవు. వరస సాగే దారి పొడుగునా పేకల పెట్టెలు పేర్చాను. పన్నెండింటికి ఒక్క పేక మిగల్లేదు. ఆ పక్కన పదిహేడు రేసు కార్లు పెట్టాను, ప్రతిదానికీ చీటీతో. 'డ్రైవరు తల మొదట వేసినవారే, ముప్ఫై ఎనిమిదేళ్ల తరవాత మళ్లీ వేసినది.' కింద నేను సంతకం పెట్టలేదు, ఆవిడ చేత పెట్టించాను. మొదటి చీటీ మీద అలవాటుగా 41 అని వేసింది. పేరు రాయండి అత్తయ్యా అన్నాను. నా వైపోసారి చూసి, నింపాదిగా కూనిగుండా ఎర్టల్ అని రాసింది.

తాకని కారుకి వచ్చే ధర రాలేదు. మళ్లీ రంగు పూసిన కారుకి వచ్చే ధరా కాదు. ఆ రెంటి మధ్య ఇంకో ధర ఉందని నాకు పద్నాలుగేళ్లలో తెలియలేదు.

పద్నాలుగు కార్లు అమ్ముడుపోయాయి. మిగతా మూడూ ఎవరూ అడక్కపోవడం వల్ల మిగల్లేదు. నేను బల్ల మీద పెట్టీ పెట్టగానే అత్తగారు వాటిని తీసి తన చేతి సంచిలో వేసుకుంది. ఎందుకని అడిగితే ఇంటికెళ్లాక చెబుతానంది.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద మూడూ పెట్టింది. "ఇవి శనివారం మొహాలు రోస్విటా. పొలుసులు గీకేటప్పుడు చూశాను, లేత పెదవులు. నేను నిండు ఎరుపు వేసేశాను, డబ్బా నిండా రంగుంది కదా అని. ఎన్నేళ్లు మనసు చంపుకుని పలచగా వేశామో. ఈ ఒక్కసారైనా సరిగ్గా వేద్దామనిపించింది." ఆగి, "చీటీలో అబద్ధం పడింది. ముందున్నట్టే వేశానని కదా అందరూ అనుకుంటారు. రేపు కొంచెం టర్పెంటైన్‌తో..." అంది.

ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ముట్టుకోవద్దు అత్తయ్యా. రాసేద్దాం" అన్నాను.

మూడు చీటీల మీద కింద ఇంకో వాక్యం చేర్చాను. 'పెదవులు మొదట శనివారంవి, ఇప్పుడు సోమవారంవి.'

డిసెంబరు మొదటివారంలో ఓస్టర్‌టాగ్ ఆ మూడింటి కోసమే రైలెక్కి వచ్చాడు. చీటీ చదివి, బేరం ఆడకుండా తీసుకున్నాడు. ఆరు పేజీలు తప్పని ఒప్పుకుంటూ పత్రికకి పన్నెండు పేజీలు రాస్తున్నానని చెప్పాడు. అప్పటికి షాపు ముందు గదిలో నా కుర్చీ పక్కన రెండో కుర్చీ పడింది. అత్తగారు పొద్దున తొమ్మిదింటికే వచ్చి కూర్చునేది. ఉత్తరాల్లో జనం ఫోటోలు పంపేవాళ్లు, ఆవిడ చెబుతుంటే నేను జవాబులు రాసేదాన్ని. ఫోటోతోపాటు ఎవరో ఒకరు ఏదో ఒకటి కొనేవారు. వ్యాను మార్చిలో వచ్చింది. పాతదే, కానీ మా పాతదానికంటే కొత్తది.

ఆ డిసెంబరు రోజు, మూడు కార్లూ కొన్నాక, డాక్టరుగారి రైలుకి ఇంకా టైముంది. మసాలా బిస్కెట్లు తింటూ నలుగురం మసివాడి ఆట వేశాం. ఆయన పేక అంచులు చూసి, ముక్కలు లెక్కపెట్టి, ఏ సంవత్సరం ముద్రణో చెప్పాడు. ఆట మాత్రం ఆడలేకపోయాడు. చివరికి ఆయన చేతిలో ఒకటే ముక్క మిగిలింది. గెర్నోట్ బిరడా కాల్చాడు, అత్తగారు ముక్కు మీద గుండ్రంగా మసి పెట్టింది, రేపటి దాకా తుడవకూడదని నియమం చెప్పింది. ఆయన టోపీ సర్దుకుని, మూడు కార్లూ కోటు లోపలి జేబుల్లో పెట్టుకుని, అలాగే స్టేషనుకి బయల్దేరాడు. వీధిలో జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. ఆయన పట్టించుకోలేదు.

నేను కిటికీ దగ్గర నిలబడి, ఆయనకి మసివాణ్ణి ఎలా అంటించారు అత్తయ్యా, మీరు మధ్యలో కూడా పెట్టలేదే అని అడిగాను.

"కొంచెం పైకి పెట్టాను, అంతే" అంది. "పళ్ల డాక్టరు కదమ్మా. పైకి పొడుచుకొచ్చినదాన్ని పీకకుండా ఉండలేడు."